పిల్లర్, పిట్టగోడ, పడమటి కిటికీ: హైదరాబాద్ ఇంట్లో వేడి రాకుండా ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ఉగాది వెళ్లిన వారానికి మా బావమరిది ఒక ఫైలు పట్టుకుని ఇంటికొచ్చాడు. తెల్లాపూర్ దగ్గర రెండు వందల గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నాడు. నాలుగేళ్లు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేసొచ్చినవాడు. ఏసీ పెద్దగా తిరగకుండానే చల్లగా ఉండే ఇల్లు కట్టాలని పట్టుదల. ఫైల్లో మూడు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి బాల్కనీ స్లాబుకీ ఇంటి స్లాబుకీ మధ్య పెట్టే థర్మల్ బ్రేక్‌కి, అంటే వేడి ఇటు నుంచి అటు దాటకుండా పెట్టే అడ్డుకి. రెండోది థర్మల్ బ్రేక్ ఉన్న అల్యూమినియం కిటికీలకి. మూడోది లైట్‌వెయిట్ బ్లాకుల గోడలు, డాబా మీద ఎక్స్‌పీఎస్ బోర్డులు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు.

"బావా, అన్నీ చేయిద్దామంటే మా నాన్న నన్ను ఇంట్లోకి రానివ్వడు. వీటిలో ఏది ఉంచమంటావ్, ఏది తీసేయమంటావ్?" అన్నాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం వేసిన లెక్కలే ఇవి. సొంతిల్లు కట్టుకునేవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ వాళ్లకీ కొంత ఉంది, కాస్త కిందికి వెళ్లాలి.

ముందు థర్మల్ బ్రిడ్జ్ అంటే ఏంటో చెప్పడానికి మా ఇంటి గోడే చాలు. నాగారంలో మేం కట్టుకున్న ఇల్లు లైట్‌వెయిట్ బ్లాకులది, అంటే ఏఏసీ, లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు. మే నెలలో రాత్రి తొమ్మిదిన్నరకి పడమటి బెడ్‌రూమ్ గోడ మీద అరచేయి ఆనించి మెల్లగా పక్కకి జరుపుకుంటూ పోతాను. బ్లాకు ఉన్నంత మేరా గోడ మామూలుగానే ఉంటుంది. మూలకి రెండు జానల దూరంలోకి రాగానే వెచ్చగా తగులుతుంది, అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా ముట్టుకున్నట్టు. అక్కడి నుంచి పైకి తడిమితే ఆ వెచ్చదనం సీలింగ్ దాకా పోయి, బీమ్ పొడుగునా అవతలి మూలకి సాగుతుంది. కళ్లు మూసుకుని ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగ్ చేత్తో చదువుకోవచ్చు. వేడిని ఆపే గోడ మధ్యలో, వేడిని సులువుగా మోసుకొచ్చే కాంక్రీటో, ఇనుమో, అల్యూమినియమో, రాయో బయటి నుంచి లోపలి దాకా ఉంటే దాన్నే థర్మల్ బ్రిడ్జ్ అంటారు.

జర్మనీ లెక్క వేరు

ఈ మాట ఎక్కువగా వినిపించేది చలిదేశాల్లో. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో తొలి పాసివ్ హౌస్‌లో, అంటే హీటర్ అవసరం దాదాపు లేకుండా కట్టిన ఇంట్లో, జనం కాపురం పెట్టారు. ఆ పద్ధతిలో ఏడాది మొత్తానికి చదరపు మీటరుకి 15 యూనిట్లకి మించి గది వేడికి ఖర్చు కాకూడదు. అంత బిగువైన ఇంట్లో ఒక్క బాల్కనీ స్లాబు బయటికి పొడుచుకొస్తే చాలు, రేడియేటర్‌కి వెక్కిరించినట్టే. పైగా అక్కడ బూజు గొడవ ఉంది. గది 20 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు గోడ మూల 12.6 డిగ్రీల కంటే చల్లబడితే అక్కడ బూజు పట్టే ప్రమాదం ఉందని వాళ్ల లెక్క. అందుకే బాల్కనీ థర్మల్ బ్రేక్ అక్కడ ఎవరూ ప్రశ్నించని ఖర్చు.

మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. పది అడుగుల బాల్కనీ అంటే మూడు మీటర్లు. బ్రేక్ లేకుండా కలిసిపోయిన స్లాబు అంచు నుంచి మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి రమారమి 0.8 వాట్లు వస్తాయనుకుందాం. మే మధ్యాహ్నం బయట 40, లోపల ఏసీలో 26. తేడా 14 డిగ్రీలు. గుణిస్తే 34 వాట్లు వచ్చింది. పాత 40 వాట్ల బల్బు ఒకటి వెలిగినట్టు, అంతే. అదీ మధ్యాహ్నం కాసేపు. రాత్రయ్యేసరికి ఆ తేడా రెండు మూడు డిగ్రీలకి పడిపోతుంది. జర్మనీలో పదిహేను ఇరవై డిగ్రీల తేడా నెలల తరబడి, పగలూ రాత్రీ ఉంటుంది.

మా వాడు క్యాలిక్యులేటర్ రెండు సార్లు నొక్కి చూసి, మొదటి కొటేషన్ ఫైల్లోంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టేశాడు. నేనేమీ అనలేదు.

అలాగని థర్మల్ బ్రిడ్జ్‌లు మనకి లెక్కలోకి రావని కాదు. హైదరాబాద్‌లో గాలి వేడి కంటే ఎండ వేడి చాలా ఎక్కువ. నీడలో 40 ఉన్న రోజు డాబా 60 దాటుతుంది, కాళ్లకి చెప్పుల్లేకుండా బట్టలు తీయడానికి వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం మన నీడ మన పాదాల కిందే మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నపు ఎండ కొంచెం ఉత్తరం నుంచే పడుతుంది. అందుకని వేసవిలో దక్షిణపు గోడకి దెబ్బ తక్కువ. దెబ్బంతా డాబాకీ, సాయంత్రం పడమటి గోడకీ. కాబట్టి ఎండ పడే చోట ఉన్న బ్రిడ్జ్‌ల గురించి ఆలోచించాలి, నీడలో ఉన్నవాటిని వదిలేయవచ్చు.

గోడ మంచిదయ్యేకొద్దీ పిల్లర్ చెడ్డదవుతుంది

వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క తేలికే. ఒక చదరపు మీటరు గోడలోంచి, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్లు దాటుతాయో చెప్పేదాన్ని యూ విలువ అంటారు. తక్కువుంటే మంచిది. రెండు వైపులా ప్లాస్టర్‌తో తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకి అది 2 దగ్గర వస్తుంది. ఎనిమిదంగుళాల ఏఏసీ గోడకి 0.76. తొమ్మిదంగుళాల కాంక్రీటు పిల్లర్‌కో బీమ్‌కో 2.8.

పది అడుగుల ఎత్తు, పది అడుగుల పొడవు గోడ తీసుకోండి. చివర్ల పిల్లర్లు, పైన బీమ్ కలిపితే గోడలో నాలుగో వంతు కాంక్రీటే అవుతుంది. ఇటుక ఇల్లయితే మొత్తం గోడ సగటు 2.2. అందులో కాంక్రీటు వాటా మూడో వంతు లోపే, కాబట్టి పిల్లర్‌ని ప్రత్యేకంగా తిట్టాల్సిన పనిలేదు, ఇటుక కూడా అదే జాతి. అదే ఏఏసీ ఇల్లయితే సగటు 1.27. బ్లాకుల కంపెనీ కాగితం మీద 0.76 అని రాసి ఉంటుంది, మీకు దక్కేది 1.27. గోడలో నాలుగో వంతున్న కాంక్రీటు మొత్తం వేడిలో సగానికి పైగా, దగ్గర దగ్గర 55 శాతం, మోసుకొస్తుంది. లైట్‌వెయిట్ బ్లాకులకి పెట్టిన అదనపు డబ్బులో మంచి భాగం పిల్లర్ల దారిన పోతోందన్నమాట.

ఇప్పుడు ఆ పిల్లర్లకీ బీమ్‌కీ బయటి ముఖం మీద ఒక్క అంగుళం ఎక్స్‌పీఎస్ బోర్డు వేసి, మెష్ కట్టి ప్లాస్టర్ చేయండి. కాంక్రీటు భాగం 2.8 నుంచి 0.84కి దిగుతుంది. గోడ సగటు 0.78. అంటే బ్లాకుల కంపెనీ చెప్పిన మాట దాదాపు నిజమవుతుంది. గోడ మొత్తానికి కాదు, నాలుగో వంతుకే బోర్డు పడింది. పడమటి వైపు ఒక్కటే చేయించినా ఫలితం తెలుస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చే పనుల్లో ఇదొకటి. కొటేషన్లలో ఎవరూ రాయనిదీ ఇదే.

ఒక చిక్కు ఉంది. బోర్డు తర్వాత అతికిస్తే గోడ మీద అంగుళం ఉబ్బు వస్తుంది. అందుకని డ్రాయింగ్ దశలోనే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చెప్పి పడమటి పిల్లర్లని బ్లాకు గోడ బయటి ముఖం కంటే అంగుళమో, రెండంగుళాలో లోపలికి జరిపించాలి. పునాది అయిపోయాక ఈ మాట అంటే ఆయనకి కోపం వస్తుంది, రావాలి కూడా. ఇల్లు ఇప్పటికే కట్టేసినవాళ్లు ఉబ్బునే ఎలివేషన్ డిజైన్‌లా పట్టీ కట్టించుకోవచ్చు. ఈ రోజుల్లో ఎలివేషన్ పేరుతో ఇంతకంటే అర్థం లేనివి చాలా చేస్తున్నారు. లోపలి వైపు బోర్డు వేసుకోవడం రెండో ఎంపిక. అప్పుడు పిల్లర్ మాత్రం ఎండకి కాలుతూనే ఉంటుంది, ఆ వేడి బీమ్‌లోంచి, స్లాబులోంచి పక్క దారి చూసుకుంటుంది.

ఇక గోడల పోలిక. ఏఏసీకి మంచి పేరు తెచ్చేదీ చెడగొట్టేదీ పనివాళ్లే. ఈ బ్లాకుల్ని పలచటి జిగురుతో, రెండు మూడు మిల్లీమీటర్ల అతుకుతో పేర్చాలి. మా ఇంటి పై అంతస్తుకి వచ్చిన కాంట్రాక్టర్ మనుషులు అలవాటు కొద్దీ ఇసుక సిమెంటుతో అరంగుళం, ముప్పావు అంగుళం అతుకులు పెట్టేశారు. ప్రతి అతుకూ ఒక సన్నటి బ్రిడ్జే. నేను చూసింది అంతకంటే ఘోరం. పై వరసకీ బీమ్‌కీ మధ్య నాలుగంగుళాల సందు మిగిలితే, దాంట్లో ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు కుక్కి సిమెంటు మెత్తారు. అడిగితే మేస్త్రీ నవ్వి, "ఏం కాదు సార్, పైన ప్లాస్టర్ కొడ్తే అంతా ఒక్కటే అయితది," అన్నాడు. ప్లాస్టర్ కొట్టాక కంటికి ఒక్కటే అయింది. చేత్తో తడిమితే ఇప్పటికీ దొరుకుతుంది. ఆ మీదట బ్లాకుకీ పిల్లర్‌కీ మధ్య మెష్ వేయలేదు కాబట్టి రెండో ఏడాదికి నిలువునా పగులు కూడా వచ్చింది.

అందుకని మీ మేస్త్రీ ఏఏసీ పని ఇదివరకు చేయలేదంటే, ఒక గోడ జిగురుతో కట్టించి చూసి ఆ తర్వాత మాట్లాడండి. కుదరకపోతే తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుకే కట్టించి, పడమటి వైపు నీడ ఏర్పాటు చేసుకోవడం మేలు. నాలుగంగుళాల, ఆరంగుళాల సిమెంటు బ్లాకు గోడ మాత్రం పడమటికి పెట్టకండి. చవకగా, చకచకా లేస్తుంది నిజమే, కానీ ఆ గది వేసవి సాయంత్రాల్లో స్టోర్ రూమ్‌గా మారిపోతుంది. బోలు మట్టి బ్లాకులు ఏఏసీ అంత కాకపోయినా ఇటుక కంటే మెరుగు. అయితే వాటిలో పైపుల కోసం గాడి కొట్టడం మన ఎలక్ట్రీషియన్లకి ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు, కొట్టేటప్పుడు పగలగొడతారు.

ఫ్లాట్ కొనేవాళ్ల సంగతి. కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్లలో చాలావాటికి ఇటుకే లేదు. మివాన్ పద్ధతిలో అల్యూమినియం అచ్చులు బిగించి గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తారు. ఆరంగుళాల కాంక్రీటు గోడ యూ విలువ 3 పైనే. అక్కడ బ్రిడ్జ్ ఎక్కడుందని వెతకనవసరం లేదు, గోడంతా అదే. అలాంటి చోట 2 బీహెచ్‌కేనా 3 బీహెచ్‌కేనా అన్నదానికంటే పడమటి గోడ ఎంత ఎండలో ఉందన్నది ముందు అడగండి. రెండు ఫ్లాట్లు ఒకే ధరకి వస్తుంటే పడమటి వైపు లిఫ్టో, మెట్లో, యుటిలిటీయో ఉన్నది తీసుకోండి. టాప్ ఫ్లోర్ గురించి నా అభిప్రాయం అడగకపోవడమే మంచిది.

డాబా: ముందు తెల్లరంగు, తర్వాత బోర్డు

వేడికి అసలు ద్వారం డాబానే. ఏమీ వేయని ఆరంగుళాల స్లాబుకి యూ విలువ 3 దాటుతుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇళ్ల పైకప్పుకి అది 1.2 మించకూడదు. అంగుళం ఎక్స్‌పీఎస్ వేస్తే 0.9 దగ్గరికి, రెండంగుళాలు వేస్తే 0.5కి వస్తుంది. కాబట్టి బోర్డు వేయించుకుంటే చాలని అనిపిస్తుంది. ఇక్కడా అదే మెలిక, అంచు దగ్గర.

ఇరవై ఐదు అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు స్లాబు అనుకోండి. మూడంగుళాల మందం స్క్రీడ్ (మట్టం కోసం పైన పోసే కాంక్రీటు పొర) కింద రెండంగుళాల బోర్డు చక్కగా పరిచారు. పిట్టగోడ దగ్గరికి రాగానే ఆపేశారు. పిట్టగోడ రెండు వైపులా, పైనా ఎండ తింటుంది, ఆ వేడి నేరుగా కింది బీమ్‌లోకి దిగుతుంది. లెక్క వేస్తే బోర్డు పరిచిన 116 చదరపు మీటర్ల స్లాబు మొత్తం నుంచి డిగ్రీకి 58 వాట్లు. చుట్టూ 46 మీటర్ల అంచు నుంచి, మీటరుకి 0.6 చొప్పున, 28 వాట్లు. అంటే స్లాబు మొత్తం ఇచ్చేదాంట్లో దాదాపు సగమంత, ఒక్క అంచే అదనంగా ఇస్తోంది. ఉత్త స్లాబు అయి ఉంటే ఈ 28ని ఎవరూ పట్టించుకోనవసరం లేదు, అక్కడ స్లాబు ఒక్కటే డిగ్రీకి 370 పైచిలుకు వాట్లు ఇస్తుంది.

కాబట్టి బోర్డు వేయించేవాళ్లు పిట్టగోడ లోపలి ముఖం మీద కనీసం అడుగు ఎత్తు వరకు దాన్ని పైకి తిప్పించాలి. కుదిరితే పిట్టగోడ పైభాగం, బయట బీమ్ ముఖం కూడా. కొటేషన్‌లో ఈ వాక్యం లేకపోతే రాయించండి. చదరపు అడుగు రేటులో ఇది ఉండదు, రన్నింగ్ ఫుట్ రేటు విడిగా అడుగుతారు, అది న్యాయమే. వాటర్‌ప్రూఫింగ్ ముందు, దాని మీద బోర్డు, దాని మీద స్క్రీడ్. బోర్డు కింద వాటర్‌ప్రూఫింగ్ ఉంటే అది ఎండకి ఎండి పగలదు.

స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేసి పైన గ్లాస్‌వూల్ పరిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొంత పనిచేస్తుంది. అద్దె ఇంటికీ, టాప్ ఫ్లోర్ ఫ్లాట్‌కీ తరచుగా అదొక్కటే దారి. కానీ స్లాబు పైన కాలుతూనే ఉంటుంది, కిందికి దిగిన బీమ్‌లు, ఫ్యాన్ హుక్కులు, గోడ మీదకి ఆనిన అంచులు అన్నీ ఆ వరసని తెగ్గొడతాయి. పైన వేస్తే బీమ్‌లన్నీ ఒకే గొడుగు కిందికి వస్తాయి. చేతిలో ఉన్న ఎంపిక అయితే పైనే వేయండి.

అన్నిటికంటే చవకది తెల్లరంగు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్లకి 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో అది తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఇష్టం. రంగులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. దానికి అతుకుల్లేవు. స్లాబు, పిట్టగోడ, వాటర్ ట్యాంకు దిమ్మె, మెట్ల గది కప్పు, అన్నిటి మీదా ఒకే బ్రష్షు నడుస్తుంది, బ్రిడ్జ్‌కి కూడా నీడ పట్టినట్టే. బోర్డు వేడిని మోయనివ్వదు, రంగు అసలు వేడెక్కనివ్వదు. లోపం దుమ్ము. మన ఊళ్లో డిసెంబర్ నుంచి ఉగాది దాకా పడే దుమ్ముకి తెల్లటి డాబా బూడిద రంగు తిరుగుతుంది. శివరాత్రి దాటాక ఒకసారి కడగాలి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఆ ఓపిక లేనివాళ్లు తెల్లటి టైల్స్ ముక్కలు పరిపిస్తారు, దాన్నే చైనా మొజాయిక్ అంటారు. రంగు కంటే ఎక్కువ కాలం ఉంటుంది, కానీ మధ్యాహ్నం దాని మీదకి వెళ్తే కళ్లు చెదురుతాయి.

పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఎక్స్‌పీఎస్ మీద డబ్బు పోయకండి. ఐదేళ్లలో పగలగొట్టే స్క్రీడ్ కింద బోర్డు ఎందుకు? తెల్లరంగు వేసుకుని ఆగండి. మనవాళ్ల డాబాల మీద భవిష్యత్తు కోసం వదిలేసిన పిల్లర్ చువ్వలు ఉంటాయి కదా, వాటి గురించి కూడా మా వాడు భయపడ్డాడు. చువ్వల మందం చాలా తక్కువ, అవి మోసే వేడి పెద్ద లెక్క కాదు. ఆ చువ్వల చుట్టూ పోసిన కాంక్రీటు దిమ్మెల దగ్గర బోర్డు ఆగిపోతుంది, వాటర్‌ప్రూఫింగ్ కూడా అక్కడే ఊడుతుంది. నీళ్లు దిగేదీ వేడి దిగేదీ ఒకే చోటు.

కిటికీలు

రెండో కొటేషన్ అన్నిటికంటే ఖరీదైనది. అల్యూమినియం ఎంత గట్టిగా వేడిని మోస్తుందో చెప్పాలంటే, కాంక్రీటు కంటే వంద రెట్లు. థర్మల్ బ్రేక్ ఉన్న ఫ్రేములో బయటి అల్యూమినియంకీ లోపలి అల్యూమినియంకీ మధ్య పాలిమైడ్ అనే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. చాలా బాగా చేసిన వస్తువు, దాంట్లో నాకు సందేహం లేదు. కానీ నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కిటికీలో ఫ్రేము భాగం చిన్నది. మామూలు ఫ్రేము నుంచి దానికి మారితే మే మధ్యాహ్నం ఆదా అయ్యేది 15 వాట్లు. అదే కిటికీ పడమటి వైపు ఉంటే, సాయంత్రం నాలుగింటికి మామూలు అద్దంలోంచి లోపలికి పడే ఎండ ఆరేడు వందల వాట్లు. ఒక చిన్న ఇస్త్రీ పెట్టెని గదిలో ఆన్ చేసి పెట్టినట్టు.

ఆ ఎండని లోపల కర్టెన్ ఆపదు, అప్పటికే అది ఇంట్లోకి వచ్చేసింది. బయట ఆపాలి. అడ్డంగా ఉండే సజ్జా పడమటి వాలు ఎండకి సరిపోదు. బయట దింపే వెదురు చాప, కదిలే నిలువు పలకలు, తీగ అల్లించిన జాలీ, వీటిలో ఏదైనా థర్మల్ బ్రేక్ కంటే ఎన్నో రెట్లు పని చేస్తుంది. మా అత్తగారు వట్టివేళ్ల తెర కట్టి మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లేవారు. ఇల్లంతా వాసన. మే నెల పొడి గాలికి దాన్ని మించింది నేను చూడలేదు. తేమ పెరిగే జూలైలో మాత్రం పనిచేయదు.

ఫ్రేముకి నా ఎంపిక యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్. వేడిని మోయదు, బాగా మూసుకుంటుంది, దుమ్మూ ట్రాఫిక్ చప్పుడూ తగ్గుతాయి. టేకు కూడా వేడి విషయంలో అంతే మంచిది, చెదలూ వానాకాలం ఉబ్బూ భరించగలిగితే. పెద్ద పెద్ద అద్దాల తలుపులు కావాలని పట్టుబట్టేవాళ్లకి, గది రోజంతా ఏసీలోనే ఉండేవాళ్లకి థర్మల్ బ్రేక్ అల్యూమినియం అర్థముంది. జూలై రాత్రుల్లో ఏసీ గది మామూలు అల్యూమినియం ఫ్రేముకి బయట చెమట పట్టి, గోడ మీదకి కారే మరకలు కూడా దానితో తగ్గుతాయి.

కిటికీ దగ్గర ఇంకొకటి ఉంది, దీని గురించి ఏ సేల్స్‌మన్ చెప్పడు. మన ఇళ్లలో కిటికీ చుట్టూ నాలుగు వైపులా గ్రానైట్ పట్టీ వేయించడం ఆనవాయితీ. బయట ఎండలో ఉన్న రాయే లోపలి దాకా ఒకే పలకగా వస్తుంది. గ్రానైట్ కాంక్రీటు కంటే కూడా ఎక్కువ వేడిని మోస్తుంది. ఎంత మంచి ఫ్రేము కొన్నా దాని చుట్టూ రాతి దారి తెరిచే ఉంటుంది. మా ఇంట్లో ఇది జనవరిలో బయటపడింది. కిటికీ గట్టు మీద పెట్టిన కొబ్బరినూనె సీసా పొద్దున్నకి తెల్లగా గడ్డకట్టేది. రెండడుగుల అవతల చెక్క అలమరలో పెట్టిన అదే నూనె నీళ్లలా ఉండేది. మేలో అదే గట్టు మీద చేయి ఆనించలేం.

దీనికి మందు దాదాపు ఉచితం. గట్టు రాయిని బయట ఒక ముక్క, లోపల ఒక ముక్కగా కోయించి మధ్యలో అంగుళం సందు వదలాలి. ఆ సందులో ఫోమ్ నింపి దాని మీద యూపీవీసీ ఫ్రేము కూర్చోబెట్టాలి. రాయి కోసే ముందు చెప్పాలి, అంతే. "రెండు ముక్కలేంది సార్, చూడనీకి మంచిగుండదు," అంటారు. ఫ్రేము కూర్చున్నాక అతుకు కనపడదు.

మా వాడి ఫైలు చివరికి ఎలా తయారైందంటే

ఏ ఇంటికైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, ఏసీ ఎన్ని గదుల్లో, ఎన్ని గంటలు? మా వాడు ఇంటి నుంచే పని చేస్తాడు, పగలంతా ఒక గది చల్లగా ఉండాలి. అలాంటివాడికి పిల్లర్ల పనీ, పిట్టగోడ మలుపూ పనికొస్తాయి. పగలు ఇల్లు ఖాళీగా ఉండి, రాత్రి కిటికీలు తీసి ఫ్యాన్ వేసుకుని పడుకునే కుటుంబానికి గోడ బ్రిడ్జ్‌ల మీద ఖర్చు దండగ. వాళ్లకి డాబా మీద తెల్లరంగు, పడమటి కిటికీకి చాప, రెండు వైపులా గాలాడే కిటికీలు చాలు. ముదురు రంగు ఎలివేషన్ మాత్రం ఎవరికీ వద్దు. పడమటి గోడకి నల్ల గ్రానైట్ క్లాడింగ్ చేయించి, లోపల రెండు టన్నుల ఏసీ పెట్టినవాళ్లని చూస్తూనే ఉన్నాం.

ప్లాన్ చూస్తే అతని ఆఫీసు గది పడమటి మూలలోనే ఉంది, నైరుతిలో. వాస్తు ప్రకారం అక్కడే ఉండాలని మామయ్య ముందే నిర్ణయించేశారు. గది జరపడం కుదరదు కాబట్టి ఆ మూల పిల్లర్లు రెండూ అంగుళం లోపలికి జరపాలని, బయట బోర్డు పట్టీ వేయాలని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాం. బాల్కనీ బ్రేక్ కొట్టేశాం. థర్మల్ బ్రేక్ కిటికీలు కొట్టేసి యూపీవీసీ రాశాం, మిగిలిన డబ్బులో కొంత పడమటి కిటికీలకి బయటి నిలువు పలకలకి. గ్రానైట్ గట్లు రెండు ముక్కలు. గోడలకి ఏఏసీ ఉంచాం, జిగురు అతుకు అని కొటేషన్ మీద ఎర్ర ఇంకుతో రాసి సంతకం పెట్టించమన్నాను.

డాబా దగ్గర మాత్రం తేలలేదు. మా వాడికి పిట్టగోడ దాకా తిప్పిన రెండంగుళాల బోర్డు కావాలి. మామయ్యకి పిల్లర్ చువ్వలు కావాలి, రేపు చిన్నవాడి పెళ్లయితే పైన ఇంకో పోర్షన్ వేయాలట. చిన్నవాడు ఇంకా బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. వచ్చే ఆదివారం భోజనాల దగ్గర మాట్లాడదామన్నారు. ఈలోగా తెల్లరంగు రేటు కనుక్కోమని నాకే పురమాయించారు.